ఆగిన జీపు

మా పెద్దనాయిన పోయారని ఆయన కొడుకే నా ఫోన్ రిపేరు షాపుకొచ్చి చెప్పాడు. "నల్లగొండ దవాఖానకు తీస్కపోతాంటే తొవ్వలనే పాణం పోయిందన్నా" అన్నాడు. నా చేతిలో ఎవరిదో ఫోను విప్పి ఉంది. దాని స్క్రూలన్నీ కింద పడ్డాయి.

పిలుపుకే పెద్దనాయిన, నిజానికి ఆయన మా పక్కింటాయన. నార్కట్‌పల్లి నుంచి పల్లెలకు ముప్పై ఏళ్లు బస్సు నడిపారు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే కాళ్లు క్లచ్ కోసం వెతుక్కునేవి. చూడలేక ఆయన ఫోన్లో నలుగురు కలిసి ఆడే తుపాకుల ఆట ఎక్కించాను. ఆయన, నేను, కొత్తకోటలో ఉండే మా బామ్మర్ది, వాడి దోస్తు ఒక జట్టు. ఆ పాపం నాదే.

ఆయనకు తుపాకీ అక్కర్లేదు, జీపు కావాలి. అందరం ఎక్కామని తేలాక కండక్టరు పని కూడా తనే చేసి "రైట్, రైట్" అనేవారు. మలుపు మలుపుకీ హారన్ కొట్టేవారు. అంతవరకు బాగానే ఉండేది. రోడ్డు పక్కన ఎవరు నిలబడినా జీపు ఆపేవారు. వాళ్లు శత్రువులు. మమ్మల్ని జీపుతో సహా పేల్చేసేవారు.

"ఎందుకాపినవ్ పెద్దనాయినా?"

"మనిషి నిలబడ్డడు కదరా. ఆపకుంటే మన మీద కంప్లైంట్ రాస్తరు."

నాకు ముక్కు మీద కోపం. ఓడేటట్టుంటే ఆట మధ్యలోనే బయటికొచ్చేసేవాణ్ని. నన్ను చూసి బామ్మర్ది, వాణ్ని చూసి దోస్తు. మరునాడు ఆయన చాయ్ పట్టుకుని షాపుకొచ్చేవారు. "ఓడుడు తప్పు గాదు, నడిమిట్ల దిగుడు తప్పు. బస్సు ఖరాబైతే డ్రైవర్ ఇంటికి పోతడా?" అనేవారు. ఒకసారి మర్రిగూడ తొవ్వలో బస్సు ఆగిపోతే, దిగనని మొండికేసిన ఒక అవ్వ కోసం పొద్దుగూకేదాకా కూర్చున్నారట, ఆమె కోడిని ఒళ్లో పెట్టుకుని.

ఆయన పోయే ముందు ఆదివారం గెలుపు అంచుకొచ్చాం. అవతల మిగిలింది ఒక్కడే, వాడు రోడ్డు పక్కన నిలబడ్డాడు. పెద్దనాయిన జీపు ఆపారు. వాడి దెబ్బకు మేం ముగ్గురం కింద పడ్డాం. ఆటలో దొరికే మందుల డబ్బతో ఆయన వచ్చి లేపితే మళ్లీ ఆడొచ్చు. అంత ఓపిక ఎవరికుంది? "నీతోని ఆడుడు ఇగ బంద్" అని నేను బయటికొచ్చేశాను, నా వెనకే వాళ్లిద్దరూ.

మర్నాడు చాయ్ రాలేదు. నేనూ పోలేదు. మంగళవారం ఈ కబురు వచ్చింది. "మీరు పోయినంక గూడ మందుల డబ్బ పట్టుకొని మిమ్మల్నే దేవులాడిండన్నా, వాడు కాల్చేదాంక" అన్నాడు ఆయన కొడుకు. మాకన్ని సుద్దులు చెప్పిన మనిషి తనే నడి తొవ్వలో దిగిపోతే కోపం రాదా, మీరే చెప్పండి. ఆ కోపంతోనే ఏడ్చాను.

పదకొండో రోజు భోజనాలయ్యాక ముగ్గురం ఆయన అరుగు మీద కూర్చుని ఆట తెరిచాం. జీపు నేను నడిపాను.

"అందరెక్కిన్రా?"

"ఒకరు తక్కువ బావా" అన్నాడు బామ్మర్ది.

కొంత దూరం పోయాక రోడ్డు పక్కన ఎవడో నిలబడి ఉన్నాడు. ఆపాను. వాడు తీరిగ్గా ఒక్కొక్కరినే పడగొట్టాడు. చివరిదాకా ఎవరమూ బయటికి పోలేదు. తెర మీద జీపు మాత్రం రోడ్డు పక్కన ఆగే ఉంది, ఇంజిను నడుస్తూ, ఆయన సీటు ఖాళీగా.