ఆరు బెడ్లు, ఒక నూనె సీసా

అమలమ్మ ఆఖరిసారిగా చేసిన మామూలు పని తమ్ముడి చేతులు వాసన చూడటం.

ఆ రోజు మంగళవారం. సొలొమోను పామర్రులో బస్సెక్కి, పటమటలో అక్క ఇంటికి వచ్చి, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. ఆవిడ అన్నం గిన్నె పట్టుకొచ్చి, గిన్నె ఇంకా కింద పెట్టకుండానే, "ఏదీ, చెయ్యి" అంది. అతను చాపాడు. ఆవిడ వంగి వాసన చూసింది.

"ఇది సబ్బు కాదు. నీళ్ళు."

"సబ్బుతోనే కడిగానక్కా."

"సబ్బుని చూసుంటావు. వెళ్ళి కడుక్కురా."

యాభై నాలుగేళ్ళవాడు, ఒక సంఘానికి పాస్టరు, పెళ్ళిళ్ళు చేసి సమాధులు చేసి ఊళ్ళో తగువులు తీర్చేవాడు. లేచి వెళ్ళి మళ్ళీ కడుక్కొచ్చాడు. గోంగూర పప్పు, వంకాయ వేపుడు, మజ్జిగ. తిన్నాక ఆవిడ కాసేపు నడుం వాలుస్తానని గదిలోకి వెళ్ళింది. నాలుగింటికి అతను టీ పెట్టి పిలిస్తే పలకలేదు. గుండె అన్నారు డాక్టర్లు. అరవై ఒకటో ఏడు. ఎవరి దగ్గరనుంచీ అంటుకోని, ఎవరికీ అంటించని చావు. ఎంచుకోమంటే మా అక్క అదే ఎంచుకునేది అని సొలొమోను సమాధి దగ్గర చెప్పాడు. కొందరు అది ఓదార్పు అనుకున్నారు. అతను మామూలుగా ఉన్న సంగతి చెప్పాడు, అంతే.

అమలమ్మ విజయవాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ముప్ఫై మూడేళ్ళు నర్సు. చివరి పన్నెండేళ్ళూ ఆవిడ చేసిన ఉద్యోగం పేరు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్. ఆ ఉద్యోగమేమిటో చుట్టాల్లో ఎవరికీ అర్థం కాలేదు. "మా అక్క ఆస్పత్రిలో అందరిచేతా చేతులు కడిగిస్తుంది" అని సొలొమోను చెప్పేవాడు. వెటకారంగానే అనేవాడు గానీ, ఆ ఉద్యోగానికి అంతకంటే సరైన వివరణ తర్వాత అతనికీ దొరకలేదు. ఆవిడైతే ఇంకోలా చెప్పేది. "ఏ జబ్బుతో వచ్చినవాడు ఆ జబ్బు తగ్గించుకుని వెళ్ళాలి. మా దగ్గర కొత్తది పట్టుకుపోకూడదు." ఇంత పట్టింపెందుకక్కా అని ఎవరైనా అడిగితే ఏదో పాత విషాదం చెబుతుందని చూసేవాళ్ళు. "జీతం ఇస్తున్నారు కదా" అనేది.

పెద్ద సర్జన్‌గారు రౌండ్లకి వస్తే ఈవిడ సబ్బునీళ్ళ సీసా పట్టుకుని వెనకే నడిచేది. ఒకరోజు ఆయనకి విసుగొచ్చి, "సిస్టర్, నేను పేషెంటుని చూస్తున్నానంతే, ముట్టుకోలేదు" అన్నాడు.

"చూడండి సార్. చెయ్యి మాత్రం ఆయన డ్రైను గొట్టం మీద ఉంది."

ఆయన చెయ్యి తీసేసి కడుక్కున్నాడు. ఆ తర్వాత ఏడాదిపాటు ఆవిడతో మాట్లాడలేదు. కానీ రోజూ కడుక్కున్నాడు. ఆవిడకి రెండోదే కావాలి.

పెళ్ళి చేసుకోలేదు. చూడ్డానికొచ్చిన అబ్బాయి ముక్కు తుడుచుకున్న చేత్తోనే లడ్డు తీసుకున్నాడని పంపేసింది అని బంధువుల్లో ఒక కథ ఉంది. సొలొమోను అప్పుడు చిన్నవాడు. లడ్డూ గుర్తుంది గానీ ముక్కు గుర్తులేదు.

ఇక సొలొమోను పని. డెల్టా పల్లెల్లో ఎవరికి ఒళ్ళు బాగోకపోయినా బెజవాడ తీసుకొస్తారు. తీసుకొచ్చిన గంటలో పాస్టరుకి ఫోను చేస్తారు. "అయ్యగారూ, ఒక్కసారి వచ్చి ప్రార్థన చేసిపోవాలి." అతను చొక్కా జేబులో చిన్న నూనె సీసా వేసుకుని బస్సెక్కుతాడు. బెడ్ పక్కన నిలబడి, నూనెలో వేలు ముంచి రోగి నుదుటిమీద రాసి, తలమీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాడు. అయితే ఒక చిక్కుంది. ఒకరి కోసం వెళ్తే ఒకరితో అయిపోదు. పక్క బెడ్ వాళ్ళు లేచి నిలబడతారు. క్రైస్తవులా కాదా అన్న ప్రశ్నే రాదు. "అయ్యగారూ, మా ఆయనక్కూడా" అంటారు. ఒకరికి చేసి ఒకరికి చెయ్యకుండా రావడం మన వైపు మర్యాద కాదు. సొలొమోను మర్యాదస్తుడు.

కరోనాకి రెండేళ్ళ ముందు, వేసవిలో, అతని సంఘంలో డయానా అనే అమ్మాయికి అపెండిక్స్ పగిలింది. ఇరవై ఆరేళ్ళు, ఏడాదిన్నర పాప ఉంది. అక్క పనిచేసే ఆస్పత్రిలోనే ఆపరేషను చేసి ఆరు బెడ్ల గదిలో ఉంచారు. ఆదివారం ఆరాధన కాగానే సొలొమోను వెళ్ళాడు. డయానా బెడ్ చివర కిటికీ దగ్గర. తలుపు దగ్గర మొదటి బెడ్‌లో ఉయ్యూరు నుంచి వచ్చిన వెంకటసుబ్బారావుగారని ఒక పెద్దాయన. ఇంకో ఆస్పత్రిలో నెల ఉండి, వీపంతా పుండ్లతో ఇక్కడికి చేరాడు. ఆయన భార్య పద్మావతమ్మగారు పాస్టరుని చూసి దణ్ణం పెట్టింది. "బాబూ, వెళ్ళేటప్పుడు తొందరలో మర్చిపోతారు. ముందు మా ఆయనకి చేసి వెళ్ళండి."

చేశాడు. ఆవిడ కోరిందని వీపు మీద కూడా చెయ్యి పెట్టాడు. అక్కణ్ణుంచి వరసగా ఒక్కొక్క బెడ్ చేసుకుంటూ డయానా దగ్గరికొచ్చాడు. డయానా వాళ్ళమ్మ దుప్పటి తొలగించి, "కుట్ల మీదే పెట్టండి అయ్యగారూ, అక్కడే నెప్పంటోంది" అంది. పట్టీ అంచున నూనె రాశాడు. ఆరు బెడ్లు, ఆరు ప్రార్థనలు, ఒకే వేలు.

నాలుగో రోజుకి డయానాకి జ్వరం వచ్చింది. కుట్లు చీము పట్టి విడిపోయాయి. మామూలు మందులు పనిచెయ్యలేదు, ఖరీదైనవి మొదలుపెట్టారు, అవీ పనిచెయ్యలేదు. పరీక్ష చేస్తే వెంకటసుబ్బారావుగారి పుండులో ఉన్న మొండి క్రిమే అమ్మాయి కుట్లలోనూ ఉంది. మధ్యలో నాలుగు బెడ్లు దాటి అది ఎలా వెళ్ళిందో కనుక్కోవడం అమలమ్మ ఉద్యోగం.

ఆవిడ రెండు రోజులు కుళాయిలు, బెడ్ కడ్డీలు, బీపీ పట్టీలు, నర్సుల చేతులు అన్నీ దూదిపుల్లలతో తుడిచి ల్యాబుకి పంపింది. మూడోరోజు తమ్ముణ్ణి నర్సుల గదికి పిలిచి తలుపు వేసింది.

"ఆదివారం ఎవరెవర్ని ముట్టుకున్నావు?"

"అందర్నీ."

"వరస చెప్పు."

చెప్పాడు. ఆవిడ కాగితం మీద ఆరు గళ్ళు గీసి, ఒకటి నుంచి ఆరు దాకా బాణం గుర్తు వేసింది.

"మధ్యలో చేతులు కడిగావా?"

"కళ్ళు మూసుకునే ఉన్నానక్కా."

"నేనడిగింది కళ్ళ సంగతి కాదు."

అతను తల వంచుకున్నాడు. "ప్రార్థన చేసే చేతులకి కూడా అంటుతుందా అక్కా?" అన్నాడు.

"నువ్వు పాస్టరువని దానికి తెలీదురా."

అతను జేబులోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. అక్క అడగలేదు. ప్లాస్టిక్ కవర్లో వేసి, పైన తేదీ రాసింది. "మూడు రోజులు పడుతుంది. ఈలోగా ఎవర్నీ ముట్టుకోకు."

ఆ మూడు రోజులూ సొలొమోను ముట్టుకోలేదు. శుక్రవారం ఉపవాస కూడికలో ఒక పసిబిడ్డని దీవించమని చేతికివ్వబోతే, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దూరంనుంచి దీవించాడు. ఆ పాప నాయనమ్మ ఇప్పటికీ అది చెప్పుకుంటుంది. ఇంట్లో భార్యకి కూడా సంగతి చెప్పలేదు. ఇటు పామర్రులో డయానా పాప తల్లి కోసం ఏడుస్తోంది. అటు ఆస్పత్రిలో డాక్టరు, "దగ్గరవాళ్ళకి చెప్పండి" అన్నాడు. దగ్గరవాళ్ళు వెంటనే పాస్టరుకే ఫోను చేశారు. అతను ప్రార్థనకి కూర్చున్నాడు గానీ ఏమడగాలో తేలలేదు. ఆ అమ్మాయి బతకాలనా, ఆ జ్వరానికి కారణం తను కాకూడదనా? రెండోది ముందు నోట్లోకొచ్చింది. అది అతను ఎవరికీ చెప్పుకోలేదు, చాలాకాలం మర్చిపోనూ లేదు.

మూడోరోజు పొద్దున్నే అక్క ఫోను.

"నీ సీసాలో ఏమీ లేదు. సింకు కుళాయిలో దొరికింది. పెట్టేస్తున్నా, పనుంది."

"అక్కా..."

"నిద్రపో" అని పెట్టేసింది. అప్పుడు ఉదయం తొమ్మిదింబావు.

అతను నిజంగానే పడుకుని సాయంత్రందాకా లేవలేదు.

డయానా బతికింది. మూడో రకం మందు పనిచేసింది, ఇరవై నాలుగు రోజులకి ఇంటికొచ్చింది. వెంకటసుబ్బారావుగారు పోయారు. ఆయన్ని తీసుకెళ్ళింది ఆయన కిడ్నీలు. ఆ గదిలో కుళాయి పీకేసి మోచేత్తో తిప్పేది పెట్టారు. తలుపు మీద అమలమ్మ ఒక కాగితం అంటించింది: "ప్రార్థనకు ముందు, ప్రార్థన తర్వాత చేతులు కడుక్కోవలెను. అన్ని మతముల వారు." వారం తిరక్కుండానే ఒక పూజారిగారు, ఒక మౌల్వీగారు, సొలొమోను ఒకే సింకు దగ్గర వరసలో నిలబడ్డారు. పూజారిగారు ముందు మీరు కానివ్వండి అన్నారు. మౌల్వీగారు మీరే కానివ్వండి అన్నారు. వెనకనుంచి అమలమ్మ, "ఎవరో ఒకరు కానివ్వండి" అంది.

తమ్ముడికి విడిగా పాఠం చెప్పింది. నూనె వద్దు. బెడ్ కాళ్ళ దగ్గర నిలబడు. ఎంతసేపు కడగాలి అంటే, పరలోక ప్రార్థన ఒకసారి పూర్తిగా చెప్పుకునేంతసేపు.

"అంతేనా?"

"నెమ్మదిగా చెప్పేవాళ్ళకి ఒకసారి. నువ్వు చెప్పే స్పీడుకి రెండుసార్లు."

ఏటా ఆ నెల చివరి ఆదివారం డయానా గుడిలో నిలబడి సాక్ష్యం చెబుతుంది. మందులు పనిచెయ్యలేదని, డాక్టర్లు చేతులెత్తేశారని, అయ్యగారు కుట్ల మీద చెయ్యి పెట్టి ప్రార్థించబట్టి బతికానని. సంఘమంతా స్తోత్రం అంటుంది. సొలొమోను వేదిక మీద కుర్చీలో కూర్చుని ఒడిలో తన చేతుల కేసి చూసుకుంటాడు. ఆ పది నిమిషాలూ అతను మనసులో చెప్పుకునేది అక్క ఫోనులో అన్న మాటే. నీ సీసాలో ఏమీ లేదు. సాక్ష్యం అయిపోయేలోపు అది నాలుగైదుసార్లు చెప్పుకుంటే లేచి ముగింపు ప్రార్థన చెయ్యగలుగుతాడు.

తర్వాత కరోనా వచ్చింది. లోకమంతా అమలమ్మ చెప్పినట్టు చెయ్యడం మొదలుపెట్టింది. ఏడాదిన్నర చేసి మానేసింది. అందుకు ఆవిడ గర్వపడనూ లేదు, బాధపడనూ లేదు. "అలవాటుపడేలోపు తగ్గిపోయింది" అంది, వానగురించి చెప్పినట్టు.

జ్ఞాపకార్థ కూడిక పటమటలో ఆవిడ ఇంటి ముందు షామియానా వేసి పెట్టారు. ఆస్పత్రి నుంచి చాలామందే వచ్చారు. భోజనాల ముందు చేతులు కడుక్కునే దగ్గర వరస ఎంతకీ కదల్లేదు. ఆ వీధిలో ఏ కార్యానికీ అంత ఆలస్యం కాలేదని వంటవాళ్ళు విసుక్కున్నారు.

భోజనాలయ్యాక ఒక సన్నటి మనిషి వచ్చి సొలొమోను పక్కన కూర్చున్నాడు. పేరు బాబీ, ఆస్పత్రి ల్యాబులో టెక్నీషియను. పన్నెండేళ్ళు అమలమ్మ పంపిన దూదిపుల్లలన్నీ అతని చేతిమీదుగానే వెళ్ళాయి.

"మీకు నేను థాంక్స్ చెప్పాలండీ" అన్నాడు సొలొమోను. "అప్పుడు డయానా కేసులో నా నూనె సీసా పరీక్ష చేసింది మీరేగా. ఏమీ లేదని వచ్చిందన్నాక గానీ నాకు అన్నం సయించలేదు."

బాబీ కుర్చీ అతని వైపు జరుపుకున్నాడు.

"కుళాయి గుర్తుందండీ. కుళాయిలో వచ్చింది నిజమే. నూనె సీసా... నూనె మా దగ్గరికి రాలేదే అయ్యగారూ."

"వచ్చే ఉంటుందండీ. ప్లాస్టిక్ కవర్లో. తేదీ రాసి."

"నూనె వస్తే మర్చిపోతానా? ఆ కేసు లిస్టు నా ఫోన్లోనే ఉంది. మేడం చేత్తో రాసింది. కొత్తగా చేరినవాళ్ళకి చూపిస్తుంటాను, ఎక్కడెక్కడ వెతకాలో తెలుస్తుందని."

బాబీ ఫోను తీసి వెతికి అతని చేతిలో పెట్టాడు. అక్క గుండ్రటి అక్షరాలు. ఒకటి, సింకు కుళాయి. రెండు, సింకు జాలీ. బెడ్ కడ్డీలు, ఆరింటివీ. డ్రిప్ స్టాండు. బీపీ పట్టీ. సర్జన్‌గారి స్టెతస్కోపు. తలుపు గడియ. పద్మావతమ్మగారి సెల్‌ఫోను. ఆయా బాల్చీ. పేర్లతో సహా నర్సుల చేతులు. సొలొమోను వేలితో పైకీ కిందకీ జరుపుతూ రెండుసార్లు చదివాడు. మొత్తం ఇరవై మూడు, నూనె సీసా వాటిలో లేదు. ఇరవై మూడోది, అమలమ్మ కుడి చెయ్యి. దాని కింద గీత, సంతకం, తేదీ. ఆ తేదీ అతను బల్ల మీద సీసా పెట్టిన రోజుకి మర్నాటిది.