ఆమోసన్నయ్య ముందు సీటు

ఆమోసన్నయ్యకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరి కారెక్కినా సఫారీ జీపు ఎక్కాననుకుంటాడు. అది న్యూజెర్సీలో మా ఊరు పార్సిప్పనీలో కూరగాయలకి వెళ్ళే కారైనా సరే, ఆదివారం చర్చికి వెళ్ళే కారైనా సరే. ఎక్కగానే మెడలో బైనాక్యులర్స్ సర్దుకుని, గొంతు తగ్గించి, "ఎవరూ గట్టిగా మాట్లాడకండి. ఇది వాటి ఇలాకా" అనేవాడు. వాటి అంటే వేటి అని అడిగినవాడు చచ్చాడన్నమాటే. ఇల్లు చేరేదాకా ఆఫ్రికా వినాల్సిందే.

ఆయనది నర్సాపురం. మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పడానికి టాంజానియా వెళ్ళాడు. మొదటి సెలవుల్లో ఎవరో అడవికి తీసుకెళ్ళారట. ఆ తర్వాత స్కూలు ఆయన మొహం చూడలేదు. ఏళ్ళ తరబడి టూరిస్టులకి సింహాల్ని చూపిస్తూ తిరిగాడు. దెబోరా వదినకి న్యూజెర్సీలో నర్సు ఉద్యోగం వస్తే, ఆవిడ వెనకాలే ఇక్కడికొచ్చి పడ్డాడు. జంతువుల ఆసుపత్రిలో పిల్లులకి స్నానం చేయించే పని దొరికింది. "సింహం చుట్టాలే కదయ్యా" అని సర్దుకున్నాడు.

కుదురుగా కూర్చోవడం ఆయన జాతకంలో లేదు. ప్రసంగం మధ్యలో కిటికీ బయట బాతులు ఎగిరితే చటుక్కున లేచి నిలబడేవాడు. ఆయన లేచాడు కదా, పాట మొదలైందేమోనని వెనక వరసలవాళ్ళూ లేచేవాళ్ళు. పాస్టరుగారు కళ్ళజోడు తీసి, "సంఘం కూర్చోవచ్చు. ఆమోసుగారు బాతుల్ని చూసుకుని కూర్చుంటారు" అనేవారు.

ఒకసారి చర్చివాళ్ళమంతా కలిసి, కారులోంచే జంతువుల్ని చూసే పార్కుకి వెళ్ళాం. సింహాలన్నీ కాళ్ళు బారజాపుకుని పడుకున్నాయి.

"ఇంత దూరం వీటి నిద్ర చూడ్డానికా అండీ వచ్చాం?" అన్నాడు భాస్కర్.

"అసలు సిసలు సింహం రోజంతా పడుకునే ఉంటుందయ్యా! లేచి తిరిగితేనే అనుమానించాలి" అని మురిసిపోయాడు అన్నయ్య. ఇంతలో ఒక కోతి వచ్చి నా కారు వైపర్ పీకి పట్టుకుపోయింది. "ఆ మణికట్టు చూశావా జయరాజూ? దేవుడి పనితనం!" అన్నాడు నాతో. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళల్లోనూ తిరిగాయి గాని, అవి వైపర్ కోసం.

కారులో ఆయనకి నియమాలున్నాయి. ముందు సీటు గైడుది. గైడు స్టీరింగ్ ముట్టుకోడు. "నేను డ్రైవ్ చేస్తే జంతువుల్ని ఎవడు చూస్తాడు?" అనేవాడు. పాపం, డ్రైవింగ్ రాదని చెప్పుకోలేక అలా అంటున్నాడని మేమంతా తీర్మానించుకున్నాం. ఇంట్లో ఉన్న ఒక్క కారూ వదిన డ్యూటీకి తీసుకెళ్ళేది. ఈయన రైడ్ కోసం మా మీద పడేవాడు. పోనీ ఒక్కరినే నమ్ముకుని ఉంటాడా? నేను కారు కొన్న కొత్తలో నా డాట్సన్‌లో తిరిగి తిరిగి, ఒకనాడు "నీ సీటు నడుం పట్టేస్తోందయ్యా" అని భాస్కర్ కారులోకి మారాడు. కొన్నాళ్ళకి భాస్కర్ కారులో వాసనొస్తోందని, మా చర్చిలోనే వసంతకుమారిగారి కారులోకి మారాడు. నాకు లోపల కొంచెం మండింది కూడా.

ఎనభై నాలుగు వేసవిలో మా ఆవిడ లూసీకి ఒక నర్సింగ్ హోమ్‌లో ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే మొదటి షిఫ్టు. ఆ వేళకి బస్సుల్లేవు. నా ఆఫీసు ఇంకోవైపు. బుధవారంలోగా లైసెన్సు చూపించకపోతే ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. లూసీ అప్పటికే రోడ్ టెస్ట్ రెండుసార్లు ఫెయిలయింది. మూడోది మంగళవారం. గుంటూరులో వార్డంతా ఒంటిచేత్తో నడిపిన మనిషి, వచ్చిన దగ్గర్నుంచీ అపార్ట్‌మెంట్ గోడలు చూస్తూ కూర్చుంది. ఆ ఉద్యోగం కూడా పోతే ఏమైపోతుందోనని నాకు భయంగా ఉండేది. తుడిచిన స్టవ్వే మళ్ళీ తుడిచేది. నేను గదిలో ఆ మూల నుంచి ఈ మూలకి తిరిగేవాణ్ణి. నేను డ్రైవింగ్ నేర్పబోతే నేర్పడం తక్కువ, పోట్లాట ఎక్కువ.

శనివారం ఆమోసన్నయ్య దిగాడు. "జయరాజూ, నీ సీటు ఇప్పుడెలా ఉంది? అమ్మా లూసీ, నన్ను అలా తిప్పుకొస్తావా?"

"రెండుసార్లు ఫెయిలయ్యానన్నయ్యా. నాతో ఎందుకులెండి."

"జిరాఫీ పిల్ల పుట్టడమే ఆరడుగుల పైనుంచి దబ్బున కింద పడుతుంది. కాసేపటికి లేచి నడుస్తుంది. నువ్వింకా రెండుసార్లే పడ్డావు. తాళాలు తియ్యి."

లూసీ స్టీరింగ్ దగ్గర, ఆయన ముందు సీట్లో, నేను వెనక. నేర్చుకునేవాళ్ళకిచ్చే పర్మిట్ మీద నడిపేటప్పుడు కారులో లైసెన్సున్న మనిషి ఉండాలి కదా, నేనున్నానని నా ధైర్యం. చిన్న రోడ్ల మీద బాగానే సాగింది. లారీ వస్తే "ఏనుగు. దాని దారిన దాన్ని పోనీ" అనేవాడు. అంతా అయ్యాక "ఇప్పుడు ఎనభైకి ఎక్కు" అన్నాడు. ఎనభయ్యో నంబరు హైవే పేరెత్తితేనే లూసీకి చెమటలు. హైవే మీదికి ఎక్కించే ర్యాంప్ చివరిదాకా వెళ్ళి కారు ఆపేసింది.

"ఆఫ్రికాలో వైల్డ్‌బీస్టులని అడవి పశువులు ఇలాగే నది ఒడ్డుకొచ్చి ఆగిపోతాయమ్మా. వేలకు వేలు. నీళ్ళల్లో మొసళ్ళు. కాళ్ళు వణుకుతాయి. ఏదో ఒకటి ముందు దూకుతుంది."

"ఆ ముందు దూకింది బతుకుతుందా అన్నయ్యా?"

ఆయన కాస్త ఆలోచించాడు. "చాలావరకు."

వెనకాల పోలీసు కారు లైట్లు వెలిగాయి. ఆఫీసర్ వచ్చి పర్మిట్ చూశాడు. నేను వెనక నుంచి నా లైసెన్సు అందించాను. "నీది కాదు. పక్క సీట్లో కూర్చున్నాయనది కావాలి. ముందు కూర్చున్నవాళ్ళకే లైసెన్సుండాలి, తెలీదా?" అన్నాడు. తెలీదు. పార్సిప్పనీలో మా వాళ్ళెవరికీ తెలీదు. పర్మిట్ పోతే మంగళవారం టెస్టు లేదు, బుధవారం ఉద్యోగం లేదు. నేను ప్రార్థన మొదలుపెట్టాను.

ఆమోసన్నయ్య జేబులు తడుముకున్నాడు. పల్లీలు వచ్చాయి. ఏదో పక్షి ఈక వచ్చింది. చివరికి చొక్కా లోపలి జేబులోంచి లైసెన్సు వచ్చింది. ఆఫీసర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ర్యాంప్ మీద ఆగొద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

"మీకు లైసెన్సుందా?" అని ఇద్దరం ఒక్కసారే అరిచాం.

"అదిగో, గద్ద!" అన్నాడు ఆయన, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"గద్దా లేదు గిద్దా లేదు. అయితే స్టీరింగ్ మీరే పట్టుకోండన్నయ్యా, నా వల్ల కాదు" అని లూసీ తలుపు తీయబోయింది.

"చూశావా? అందుకే తల్లీ చెప్పనిది! నాకు వచ్చని తెలిస్తే భయమేసిన ప్రతిచోటా నాకిచ్చేస్తారు. జయరాజూ ఇలాగే వణికాడు. భాస్కర్ అయితే ఏడ్చాడు. పక్కన కూర్చుని సింహాల కబుర్లు చెబితే వాళ్ళకి రోడ్డు మీద భయం తగ్గేది. చేతులు కుదురుకున్నాక ఇంక నాతో పనేముంది? ఏదో వంక పెట్టి దిగిపోయేవాణ్ణి."

నా సీటుకి వంక పెట్టాడని ఇన్నాళ్ళూ పెట్టుకున్న కోపం ఏం చేసుకోవాలో తోచలేదు. ఆ మనిషి మీద ప్రేమ ముంచుకొచ్చింది.

లూసీ కళ్ళు తుడుచుకుంది. తలుపు దబ్బున మూసింది. "ఇంత మోసమా!" అంటూ ఆ కోపంలోనే యాక్సిలరేటర్ తొక్కి, రెండు లారీల మధ్యలోంచి హైవే ఎక్కేసింది. పక్క ఊరు డెన్విల్ దాటాక గాని తను ఎక్కిన సంగతి తనకే తెలియలేదు.

మంగళవారం పాసయింది. బుధవారం ఉద్యోగం ఖాయమైంది.

ఆ ఆదివారం చర్చికి నేపర్‌విల్ అనే ఊరి నుంచి కొత్తగా ఇటు మారిన దైవాశీర్వాదం అనే అతను వచ్చాడు. రైళ్ళకి అలవాటుపడ్డ మనిషి, వారం క్రితమే కారు కొన్నాడట. పార్కింగ్‌లో దాన్ని నాలుగు గీతలకి అడ్డంగా పెట్టి, చెమట తుడుచుకుంటున్నాడు. ఆమోసన్నయ్య వెళ్ళి, "వందనాలు బ్రదర్. నన్ను కాస్త ఇంటి దగ్గర దింపుతారా?" అన్నాడు. దెబోరా వదిన తన కారు తాళాలు అతని కంట పడకుండా గబుక్కున హ్యాండ్‌బ్యాగులో వేసేసుకుంది.

"నేనండీ? నాకింకా సరిగ్గా రాదండీ. మీరు నడపకూడదా?" అన్నాడు అతను.

అన్నయ్య నోరు తెరిచేలోగా లూసీ అందుకుంది. "ఆయనకి డ్రైవింగ్ రాదండీ, పాపం. జాగ్రత్తగా తీసుకెళ్ళండి."

అబద్ధం, అదీ చర్చి గుమ్మంలో. పాస్టరుగారు పక్కనే నిలబడి విన్నారు. ఆయన దగ్గి, ఆకాశంకేసి చూస్తూ, "బాతులు వెళ్తున్నట్టున్నాయి" అన్నారు.