పూజలో పెట్టని మామిడికాయలు

మా ఈశ్వరమ్మకు నోరెక్కువ. ఈ మాట నేనంటే ఊరంతా నవ్వుతుంది, నా నోరు అంతకు రెండింతలు కనక. అంగన్‌వాడీలో వండి పెట్టేదాన్ని, అరవకపోతే పిల్లలు తింటారా? కానీ నా నోటికి కాగితం బలం లేదు. ఈశ్వరమ్మ ఇంటర్ చదివి, కోర్టువాళ్ల దగ్గర శిక్షణ పొంది, పెదబయలు చుట్టుపక్కల ఊళ్లకు పారాలీగల్ వాలంటీరైంది. పింఛను ఆగినా, పొలం పట్టా రాకపోయినా జనం ఆమె గుమ్మమే తొక్కుతారు.

మొన్న వేసవిలో గొడవ ఆమె ఇంట్లోకే వచ్చింది. మామిడి కొత్త పండగ చేసి ఊరి దేవతకు పెట్టేదాకా మా గిరిజనుల్లో ఎవరూ మామిడికాయ ముట్టరు. ఆ పూజ చేసే పూజారి ఈశ్వరమ్మ తండ్రి సుక్రు. ఏడాది కిందట చర్చిలో చేరిన మంగ్లు, నా చెట్టు కాయే కదా అని పండక్కి ముందే కోసుకు తిన్నాడు. తిన్నవాడు ఊరుకున్నాడా, టెంక తెచ్చి వీధిలో పారేశాడు! పెద్దలు కూర్చుని, తప్పొప్పుకొని దేవతకు కోడినిచ్చేదాకా ఊరికంతటికీ కొండ నీళ్లొచ్చే ఊట కుళాయి దగ్గరికి రావద్దన్నారు. మంగ్లు ఇవ్వనన్నాడు. వాడి పెళ్లాం సోని ఏడో నెల కడుపుతో కొండ కింద వాగు, గెడ్డ దాకా దిగి నీళ్లు మోసుకొచ్చేది.

నాలుగో రోజు ఈశ్వరమ్మ పెద్దల మధ్యకు వెళ్లింది. ఎవరికి నచ్చిన దేవుణ్ని వాళ్లు కొలుచుకోవచ్చని రాజ్యాంగంలోనే ఉందనీ, నీళ్లు ఆపితే కేసవుతుందనీ చెప్పింది. పండగయ్యేదాకా తానూ మామిడి ముట్టదట, కానీ ఆ నియమం మంగ్లు నెత్తిన రుద్దే హక్కు ఎవరికీ లేదట. సుక్రు ముఖం కందగడ్డలా చేసుకున్నాడు.

"నా మీద కేసెడతావేటే?"

"ఎడతాను నాన్నా. నీకు జామీను కూడా నానే ఇత్తాను."

ముందు నేనే నవ్వాను, తర్వాత పెద్దలు. సుక్రు నవ్వలేదు. రేపెవడో వచ్చి మన పండగే ఆపమంటే ఏం చేస్తావని అడిగాడు.

"అప్పుడూ ఇయ్యే కాయితాలట్టుకుని నానే వత్తాను."

ఆయన చుట్ట చివరిదాకా కాల్చి పారేశాడు. తర్వాత, కుళాయి అందరిదీ అనేసి లేచిపోయాడు. సోని ఆ సాయంత్రమే బిందె నింపుకుంది. కూతురితో మాత్రం సుక్రు పండగదాకా పలకలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేవాడు. కేసులకు బెదరని పిల్ల దానికి మాత్రం బెంగ పెట్టుకుంది.

పండగనాడు పూజయ్యాక సుక్రు ఇంటింటికీ కాయలు పంచుతూ మంగ్లు గుమ్మం ముందు ఆగాడు. దేవతకు పెట్టింది వాళ్లు తినరని అందరికీ తెలుసు. మళ్లీ గొడవే అనుకున్నాను. ఆయన పంచె కొంగులో విడిగా కట్టుకొచ్చిన రెండు కాయలు తీసి సోని చేతిలో పెట్టాడు.

"ఇయ్యి పూజలో ఎట్టనేదు. తినండి."

అరుగు మీద కూర్చుని దాహమన్నాడు. సోని ఊట కుళాయి నీళ్లే చెంబుతో ఇచ్చింది. మొత్తం తాగి, నావైపు తిరిగాడు.

"మా గుంటకి సెప్పు, బువ్వకి బేగి రమ్మని."

నేను ఈశ్వరమ్మకు ఊరంతా వినబడేలా అరిచి చెప్పాను.