కంట్రోల్స్ ఎవరివి

తలుపు తీయకముందే మార్కర్ కీచుమనడం వినిపిస్తుంది. ఓ గీత, కాస్త విరామం, మళ్ళీ గీత. తర్వాత ఓ ఆడగొంతు ఓపిగ్గా, "ముక్కు కిందికి దించు. లాగకు," అంటుంది. బదులు రాదు.

వంటింట్లో రెండు కుర్చీలు పక్కపక్కనే ఉన్నాయి. ఎదురుగా ఫ్రిజ్‌కి ఆనించిన తెల్లబోర్డు. ఎడమ కుర్చీలో ఓ పొడుగు గరిటె, కిటికీలోంచి వచ్చిన ఎండ. ఆ ఎండే కూర్చుని పాఠం వింటోంది.

విమానం నడపడం ఆమెకు ఎప్పుడో వచ్చు. ఇతరులకు నేర్పాలంటే మాత్రం మౌఖిక పరీక్ష దాటాలి. అందులో పరీక్షకుడే ఏమీ తెలియని శిష్యుడిలా కూర్చుంటాడు. అతనికి పాఠం చెప్పి మెప్పించాలి.

ఇంట్లో ఆ శిష్యుడి వేషం అన్నయ్యది. సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి, యూనిఫాం విప్పకుండానే ఎడమ కుర్చీలో కూలబడి, మోకాళ్ళ మధ్య గరిటెను విమానం నడిపే కర్రలా నిలబెట్టేవాడు. రెక్కకు గాలి ఆసరా తప్పితే ముక్కు దించాలని ఎన్నిసార్లు చెప్పినా గరిటెను గుండెలకేసి లాక్కునేవాడు. పడిపోతుంటే ఇంకా కిందికి తోసేవాడెవడని వాదన. గిన్నెలు తోముతూ వదిన నవ్వేది.

"బస్సయితే పక్కకాపి దిగొచ్చు. నీ బండి నచ్చకపోతే నేనెక్కడ దిగాలే, టీచరమ్మా?" అనేవాడు అన్నయ్య.

ఒక్క పాఠం మాత్రం అతనికి ఇట్టే పట్టుబడింది. కంట్రోల్స్ ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి పోయేటప్పుడు ఒకరు 'నీవి' అనాలి, రెండోవారు 'నావి' అనాలి, మొదటివారు మళ్ళీ 'నీవి' అని అప్పుడే చెయ్యి తీయాలి. ఆ తంతు అతనికి తెగ నచ్చింది. స్కూటర్ తాళాలిచ్చినా, టీవీ రిమోట్ ఇచ్చినా అదే. వదిన విసుక్కుంటూ 'నావి' అనేదాకా వదిలేవాడు కాదు.

ఊపిరితిత్తులు పాడై ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఓ మధ్యాహ్నం మాస్కు పక్కకు జరిపి, చెల్లెలి చేతిని తట్టి, "కంట్రోల్స్ నీవి," అన్నాడు. ఆటేననుకుంది వదిన. చెల్లెలికి మాత్రం అర్థమైంది. 'నావి' అంటే చెయ్యి తీసేస్తాడు.

"ఇంకా నీవే, అన్నయ్యా," అంది.

చివరి స్టాపు వచ్చినా దిగని ప్రయాణికుణ్ణి చూసినట్టు చూశాడు. మర్నాటికి లేడు.

పరీక్ష వాయిదా వేయించుకోమన్నారంతా. అన్నయ్య ఒప్పుకునేవాడు కాదని వెళ్ళింది. అడిగినవన్నీ గడగడా చెప్పింది. చివర్లో పరీక్షకుడు పెన్నును నిలువుగా పట్టుకుని, కొత్త శిష్యుడి తడబాటు నటిస్తూ, "కంట్రోల్స్ మీవి, మేడమ్," అన్నాడు. ఆమె ఆ పెన్ను వైపే చూసింది. ఆయన మళ్ళీ అన్నాడు. "నీవే, అన్నయ్యా," అని వచ్చింది ఆమె నోట.

ఆ పెద్దాయన నవ్వలేదు. మంచినీళ్ళు అందించాడు. ఇంతసేపూ మన విమానాన్ని ఎవరూ నడపలేదమ్మా అని మెల్లగా చెప్పి, ఫెయిల్ చేసి, మళ్ళీ రమ్మన్నాడు.

ఇప్పుడు కొన్ని సాయంత్రాలు వదిన ఆ కుర్చీలో కూర్చుని గరిటె పట్టుకుంటుంది. 'నీవి' అనే మొదటి మాట దాకా వచ్చి ఇద్దరూ ఆగిపోతారు. పాలు పొంగుతున్నాయంటూ ఎవరో ఒకరు లేస్తారు. పొయ్యి మీద పాలు ఉండవు.

ఈ సంగతులు రాసుకుందామని వెళ్ళినవారిని సాగనంపడానికి ఆమె గుమ్మం దాకా వచ్చింది. చేతిలో మార్కర్ మూత లేకుండానే ఉంది.

"పాఠాలన్నీ వచ్చండీ నాకు. ఆ ఒక్క మాటే... అది అనేస్తే, అన్నయ్య ఇక దిగిపోయినట్టే కదా."