గమకం మానుకున్న గొంతు

మొన్న మియాపూర్‌లో ఒక సభలో మా అక్క కూతుర్ని పరిచయం చేస్తూ, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం ఆమెకు పుట్టుకతోనే వచ్చిందన్నారు. నేను చదివినంతలో, మనిషికి ఏడుపు తప్ప ఏ సంగీతమూ పుట్టుకతో రాదు. అది ఎలా వచ్చిందో, వస్తూ వస్తూ ఏం పట్టుకుపోయిందో చూసినవాళ్లలో అక్క ఇప్పుడు లేదు. అందుకే రాసిపెడుతున్నాను.

తొంభైల చివర, మాదాపూర్ గుట్టలు పేలుస్తున్న రోజులు. మా బావ టిప్పర్ ఆ రాళ్లే మోసేది. చందానగర్‌లో వాళ్లింట్లో బియ్యం డబ్బా మీద కూడా ఆ దుమ్మే. దీపం పెట్టే వేళకు అక్క, కూతురు ఎదురెదురుగా కూర్చుని మంగళహారతి పాడేవాళ్లు. అక్క గొంతు ఎటు వంగితే పిల్ల గొంతు అటు వంగేది. ఆ వంపును గమకం అంటారని శాఖా గ్రంథాలయంలో చదివొచ్చి చెబితే, "దానికి పేరు గూడ ఉందా?" అని అక్క నవ్వింది.

మదీనాగూడలో కోస్తా నుంచి వచ్చిన ఒక టీచరమ్మ పియానో, ఇంగ్లీషు పాట నేర్పేవారు. పిల్ల పాట బడి వార్షికోత్సవంలో విని, నేర్పుతానని ఆవిడే ఇంటికొచ్చారు. పిల్లను చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, పొట్ట మీద నేను తెచ్చిన లావుపాటి చరిత్ర పుస్తకం పెట్టి, ఊపిరితో లేపమనేవారు. "చదవనోళ్లకు గూడ పనికొస్తున్నయి నీ పుస్తకాలు," అని బావ ఎకసెక్కం.

చిక్కెక్కడంటే, పొడుగు స్వరం రాగానే పిల్ల గొంతు దానంతటదే ఊగేది. ఇంగ్లీషు పాటలో అది గీత గీసినట్టు నిలబడాలి. సికింద్రాబాద్‌లో ఆ పాటల పరీక్ష దగ్గరపడింది. "ఇది తప్పితే ఇగ కంప్యూటర్ క్లాసే," అన్నాడు బావ. అప్పుడు టీచరమ్మ అక్క చేతులు పట్టుకుని, "ఏమీ అనుకోకండి. పరీక్ష అయ్యేదాకా పిల్లను మీతో పాడనివ్వకండి," అన్నారు.

"నాతోని పాడితే పాడైతదా?"

"అచ్చం మీలా పాడుతోందండి. అదే చిక్కు."

ఆ సాయంత్రం నుంచి అక్క ఒక్కతే పాడింది, గొంతు తగ్గించి. తర్వాత్తర్వాత పిల్ల చెవిన పడకూడదని పెదవులు మాత్రం కదిపేది. పిల్ల తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, జర గట్టిగ పాడవే," అంది ఒకసారి. "నీ పాఠం చూసుకో పో," అంది అక్క, తల తిప్పకుండా.

పరీక్షలో స్వరం నిలబడింది. పిల్ల నెగ్గింది. ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని పరుగున వచ్చి అక్క ఎదురుగా కూర్చుంది. హారతి ఎత్తుకున్నారు. అక్క గొంతు వంగింది. పిల్లది వంగలేదు. వంచాలని చూస్తే వణికింది, అంతే.

"ఏమైందే అమ్మా నా గొంతుకు?"

"మంచిగుంది బిడ్డా. గట్లనే పాడు," అని అక్క తన గొంతునే నిటారుగా చేసి కూతురితో కలవాలని చూసింది. కుదరలేదు. ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు.

ఇది రాయడానికి ఒప్పుకున్న మేనకోడలికి, నేను మరిచినవి అందించిన టీచరమ్మకు, విని బయటికి వెళ్లిపోయిన బావకు నా కృతజ్ఞతలు. గొంతులు కలవని ఆ సాయంత్రం ఊసెత్తితే, "ఎప్పటి ముచ్చటనో, పోనియ్యి," అనేది అక్క. ఎప్పటిదో అవుతున్నకొద్దీ అది నాకు మరింత దగ్గరగా వినిపిస్తోంది.