నడుముకు కట్టని బెల్టు

నాన్నకు పడవ తెలుసు. అంతర్వేది దగ్గర, గోదావరి సముద్రంలో కలిసేచోట, ఏళ్ల తరబడి జనాన్ని దాటించాడు. విమానం తెలియదు. తెలియదని ఒప్పుకునే రకం కాదు, మా ఇంట్లో గొడవంతా దాంతోనే.

తొంభైల్లో అమ్మ గుండెలో వాల్వు పాడైంది. హైదరాబాదులో ఆపరేషను చేయించాలి, ఆలస్యం చేయొద్దన్నారు. గంటలకొద్దీ కుదుపుల్లో ప్రయాణం ఆవిడ తట్టుకోలేదని అమలాపురం డాక్టరుగారు చెప్పడంతో విమానం ఎక్కాల్సి వచ్చింది. గోదావరి అవతల జీడిమామిడి తోటల మధ్య చిన్న రన్‌వే ఒకటి ఉండేది. విమానంలో పట్టుమని ఇరవై మంది కూడా పట్టరు. రెక్కలకు చెరో పంకా, లోపల కిరోసిన్ వాసన.

నేను అమ్మకు బెల్టు బిగించాను. నాన్న తన బెల్టును కట్టుకోకుండా ఒళ్లో వేసుకుని, పైన కండువా కప్పాడు.

"పెట్టుకో నాన్నా."

"పడవెక్కినోడు ఒంటికి ఏదీ కట్టుకోకూడదమ్మా. తిరగబడితే దాంతోపాటే మునిగిపోతాం."

మా వైపు అది నిజమే. రేవులో పడవెక్కే ముందు పంచె ముడి కూడా వదులు చేసుకునేవారు.

"ఇది పడవ కాదు."

"ఏదైతేనేం, మనిషిని మోసేదేగా."

"ఇన్నేళ్లూ నా మాటే వినలేదు, నీ మాట వింటారా?" అని అమ్మ నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఈలోగా ఇంజన్ల మోత మొదలైంది.

విమానం వేగం అందుకుంది, ఇంకా నేల విడవలేదు. కింద ఏదో పేలింది. టైరని తర్వాత చెప్పారు. విమానం ఎడమకు ఒరిగింది. పడవ ఒరిగితే రెండో పక్కకు బరువు వేయాలి. నాన్న ఆలోచించలేదు, లేచాడు. "అందరూ కుడిపక్కకి రండి" అంటూ అటువైపు సీట్ల మీదికి వాలాడు. ఎవరూ కదల్లేదు, అందరికీ బెల్టులున్నాయి కదా. విమానం రన్‌వే దిగి, గడ్డిలో దూసుకుపోయి, కాలవగట్టుకు కొట్టుకుని ఆగింది. నాన్న ముందు వరసదాకా వెళ్లి పడ్డాడు.

మంటలు రాలేదు. మిగతావాళ్లకు బొప్పులూ గీరుడు గాయాలూ, అంతే. అమ్మ గుండె ఏమైపోతుందోనని నా పైప్రాణం పైనే పోయింది. ఆవిడ మాత్రం నింపాదిగా బెల్టు తీయించుకుని, నాన్న పక్కన చతికిలబడి మొహం తుడిచింది. ఆయన తుంటి విరిగింది.

ఆపరేషను రోజు దాటిపోయింది. రైల్లో పడుకోబెట్టి తీసుకెళ్తానన్నాను.

"ఆయన్ని మంచం మీద వదిలేసి ఎక్కడికెళ్తానే? లేవనీ, ఇద్దరం వెళ్తాం."

బతిమాలాను, తిట్టాను, అలిగి అన్నం మానేశాను. నాన్న కూడా వెళ్లమని పోరు పెట్టాడు. "అలాగేనండీ" అనేది, కదిలేది కాదు.

నాన్న కర్ర పట్టుకుని వాకిట్లోకి నడవడం మొదలుపెట్టిన కొద్దిరోజులకే, అమ్మ పెరట్లో గిన్నెలు తోముతూ కూలబడింది. రాజోలు ఆసుపత్రిదాకా కూడా అందలేదు.

కోపం నాకు ఇప్పటికీ ఉంది. నాన్న మీదే అనుకుందామంటే, ఆయన లేచింది తనను కాపాడుకోవడానికి కాదు.

పెద్దకర్మ నాడు రాయవరం నుంచి దూరపు బంధువొకాయన వచ్చాడు. మా సంగతి సగమే తెలిసిన మనిషి. నాన్న చెయ్యి పట్టుకుని, "విమానం పడ్డా బతికి బయటపడ్డారు. మీది గట్టి ప్రాణమండీ బావగారూ" అన్నాడు.

నాన్న తలూపాడు.

"ఆయ్" అన్నాడు. ఆయనకు విస్తరి వేయమని నాకు చెప్పాడు.