నాన్న చేయించిన ఇంగ్లీషు పరీక్ష

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవి అది. మా చెల్లెలు అంతకు ముందు వేసవి అంటుంది. కానీ ఆ ముందు వేసవికి అక్కయ్యకు పెళ్ళే కాలేదు. బావ మా తోటలో నిలబడి నన్ను ప్రశ్నలడిగే అవకాశమే లేదు.

ముసునూరు దగ్గర మా ఊళ్ళో బడి నాకు ఆ ఏటితో అయిపోయింది. నూజివీడు హైస్కూలుకు పంపాలా, ఇంట్లో కూర్చోబెట్టాలా అని నాన్న తేల్చుకోలేకపోతున్నాడు. బావ తేల్చేశాడు: తెల్లవాళ్ళే వెళ్ళిపోయాక ఆడపిల్లకు ఇంగ్లీషు ఎందుకని. ఆయన స్కూలు ఫైనలు ప్యాసయినవాడు, ఆ మాటకు ఇంట్లో బరువుండేది. నాకు ఎంత వచ్చిందో చూడమని నాన్న ఆయనకే అప్పగించాడు.

తోటలో మామిడికాయలు లెక్కపెడుతున్న పూట అది. మా వైపు లెక్కకు ఒక కట్టుబాటుండేది. లెక్కపెట్టేవాడు రెండు చేతులా కాయలు వేస్తూ, అంకెలు పైకి పాడుతూ పోవాలి. మధ్యలో ఆగాడా, తప్పినట్టే. మళ్ళీ మొదటి నుంచి. నాన్న బుద్ధెరిగినప్పటి నుంచి వింటున్నది ఆ పాటే.

జరిగిపోయిన పని ఏదైనా సరే, చివర ‘ఎడ్’ తగిలించమని మా పల్లె మాస్టారు నేర్పారు. కోతులు కాయలు తిన్నాయని బావ ఇంగ్లీషులో అనమంటే ‘ఈటెడ్’ అన్నాను. గాలికి రాలాయంటే ‘ఫాలెడ్’, బండి వెళ్ళిందంటే ‘గోడ్’, కొమ్మ నరికామంటే ‘కట్టెడ్’. ఊపిరి తీసుకోలేదు.

బావ నవ్వి, అన్నీ తప్పులేనన్నాడు. అయితే ఒప్పులు చెప్పమన్నాడు నాన్న. బావ ‘ఏట్’ అన్నాడు. కాస్త ఆలోచించి ‘ఫెల్’, ‘వెంట్’ అన్నాడు. కొమ్మ నరకడం దగ్గర ఆగిపోయాడు.

“ఆగారేంటి అల్లుడుగారూ?”

“అది మారదండీ మావయ్యగారూ. ఇవాళా కట్టే, నిన్నా కట్టే.”

“నిన్నటికీ ఇవాళ్టికీ తేడా లేకపోతే ఇంక లెక్కేముందండీ? పిల్ల ఎక్కడా ఆగలేదు. బడి తెరవగానే పంపించేస్తా.”

నూజివీడులో మొదటి వారంలోనే, అన్నీ తప్పులేనన్న బావ మాటే నిజమని తేలింది. ఒప్పులన్నీ నేర్చుకుని దసరా సెలవులకు ఇంటికి వచ్చాను. చుట్టాల ముందు నాన్న ఇంగ్లీషులో మాట్లాడమన్నాడు. ప్రతి మాట దగ్గరా ఆగి, సరైనది వెతుక్కుని చెప్పాను. నాన్న ముఖం చిన్నబోయింది. బావకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇక చదువు మాన్పిస్తారా అని అడిగాడు.

“ఇప్పుడెలా మాన్పిస్తానండీ? వచ్చింది కూడా పోగొట్టుకొచ్చింది. ఇంకో రెండేళ్ళు చదివితే గానీ మునుపటంత రాదు.”